అప్‌డేట్: బోరా బోరా దాకా అందరం కలిసే వెళ్లాం

ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే గేమ్)లో ఎనిమిది మందిమి ఫ్రెంచ్ పాలినేషియా దీవులు చుట్టాలనుకుంటున్నాం, గుంపు చెదరకుండా ఎలా ఎగరాలి అని అడిగాను కదా. చాలామంది ఒకే విమానం వాడమన్నారు. అందరం ట్విన్ ఆటర్ అనే చిన్న రెండు ఇంజిన్ల విమానం తీసుకున్నాం, సగం సమస్య అక్కడే తీరింది.

తహితిలోని ఫాఆ విమానాశ్రయం నుంచి బయలుదేరి మోరేయా, హువాహినె, రాయాతెయా మీదుగా వెళ్లాం. మోరేయాకి 20 కిలోమీటర్లు కూడా లేదు, చక్రాలు లేచాక ఊపిరి తీసుకునేలోపే ల్యాండింగ్ టెన్షన్! మధ్యలో ఒకరు మా కంటే బాగా కిందుగా కనిపించారు. వాళ్ల వాతావరణం సెట్టింగ్ వేరుగా ఉంది, అందుకే ఆల్టిమీటర్ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే మీటర్) తేడా. బయలుదేరే ముందే అందరూ ఒకే వాతావరణం పెట్టుకోండి.

బోరా బోరా దగ్గర ముందు 727 మీటర్ల ఒటెమాను శిఖరం కనిపించింది, తర్వాత ఆ నీలి లగూన్. నిజంగా మాట రాలేదు. రన్‌వే పెద్ద దీవి మీద కాదు, అంచున ఉన్న మోటు ముటె అనే చిన్న దీవి మీద ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు వేసింది. ఒక్కొక్కరం నిమిషం తేడాతో దిగాం.

వచ్చేసారి రంగిరోవా. అది చదునైన పగడపు దీవి, గుర్తుపట్టడానికి కొండ ఉండదు, కాబట్టి రూట్ ముందే జీపీఎస్‌లో వేసుకుంటున్నాం.