అప్‌డేట్: అమ్మ పన్ను కోసం రాయచూర్ వెళ్లాలా అని అడిగాను కదా

మక్తల్ నుంచి కృష్ణా బ్రిడ్జి దాటి కర్ణాటకలోని రాయచూర్ వెళ్తే అమ్మకు ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే కృత్రిమ పన్ను) తక్కువలో అవుతుందా అని 2 నెలల కింద అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. “ముందు ఇక్కడే ఎక్స్‌రే తీయించండి” అన్న సలహానే పనికొచ్చింది.

మహబూబ్‌నగర్‌లో డాక్టర్ ఫిల్మ్‌ను లైటుకు పెట్టి చూపించారు. దవడ పన్ను పైన సగం విరిగింది గానీ వేర్లు గట్టిగానే ఉన్నాయి. ఒక వేరు కొసన చిన్న నల్లటి మచ్చ, అదే ఇన్ఫెక్షన్. పన్ను పీకాల్సిన పనే లేదన్నారు. 3 సిట్టింగుల్లో రూట్ కెనాల్ (వేర్ల లోపల శుభ్రం చేసి నింపడం), ఆపైన క్యాప్. నిన్న అమ్మ జొన్నరొట్టె అటువైపే నమిలింది, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

అక్కడ కన్నడ రాకపోతే ఎలా అని నేను పడ్డ టెన్షన్ కూడా అనవసరం, రాయచూర్‌లో తెలుగు బాగానే నడుస్తుంది. ఇంప్లాంటే కావాల్సిన వాళ్లు మాత్రం రానుపోను ఖర్చు కూడా లెక్కేసుకోండి. స్క్రూ ఎముకలో కుదురుకోవడానికే నెలలు పడుతుంది, అది ఒక్క ట్రిప్పులో తేలే పని కాదు.