అప్‌డేట్: గోదాములో స్కానర్లు నెట్‌వర్క్‌కు ఎక్కకపోవడానికి కారణం దొరికింది

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరి మా పత్తి గోదాములో, సొంత ఎల్‌టీఈ (4జీ మొబైల్) నెట్‌వర్క్‌పై నడిచే బార్‌కోడ్ స్కానర్లు వాటి సాఫ్ట్‌వేర్ మార్చిన మర్నాటి నుంచి రిజిస్టర్ కావడం లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. నెట్‌వర్క్ పంపే తిరస్కరణ సందేశంలో కారణం సంఖ్య చూడమన్న సలహాయే దారి చూపింది. అక్కడ 6 ఉంది. అంటే నెట్‌వర్క్ వద్దంటున్నది సిమ్‌ను కాదు, పరికరాన్ని.

మా నెట్‌వర్క్ స్కానర్ నుంచి తీసుకునేది బ్యాటరీ కింద లేబుల్‌పై ఉన్న 15 అంకెల ఐఎంఈఐ (పరికరం గుర్తింపు సంఖ్య) కాదు. అందులోని మొదటి 14 అంకెలకు 2 అంకెల సాఫ్ట్‌వేర్ వెర్షన్ సంఖ్య చేర్చిన 16 అంకెల రూపం. అనుమతుల జాబితాలో ఆ 16 అంకెలనూ యథాతథంగా పోల్చాలని నియమం పెట్టింది నేనే కనుక, చివరి 01 కాస్తా 02 కాగానే మా స్కానర్లన్నీ మాకే పరాయివయ్యాయి. ఇప్పుడు మొదటి 14 అంకెలనే పోలుస్తూ, ఒక్కో సిమ్‌ను ఒక్కో స్కానర్‌కు ముడివేశాను.

నియమం సరిచేశాక కూడా గంటసేపు ఏదీ ఎక్కలేదు. కారణం సంఖ్య 6తో తిరస్కరణ పొందిన పరికరం, ఆపి మళ్ళీ వేసేదాకా లేదా సిమ్ తీసి పెట్టేదాకా, ఆ సిమ్‌ను చెల్లనిదిగానే చూస్తుంది. తూకం గదిలో ఛార్జింగ్‌కు పెట్టినవి తప్ప మిగతావన్నీ ఆపి మళ్ళీ వేశాము, ఎక్కాయి.