ప్రైవేటు ప్లాంట్ల కొనుగోళ్లలో ఆడవాళ్ల యూనిట్లకి, ఎస్సీ ఎస్టీ యూనిట్లకి వాటా ఉండాలా, వద్దా?

కోవూరు_కుట్టు
నెల్లూరు చుట్టూ ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసేది, వలిచేది, ప్యాక్ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లు వేసుకునే ఏప్రాన్లు, తల టోపీలు మేం కుట్టగలం. కానీ నేను అడిగిన చోటల్లా ఆ సరుకు బయట నుంచే వస్తోంది. కేంద్ర ప్రభుత్వ శాఖలకి, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకి 2012 నుంచి ఒక ప్రభుత్వ ఆర్డర్ (ఉత్తర్వు) ఉంది. సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర మొదట 20 శాతం కొనాలన్నారు, 2018లో దాన్ని 25 చేశారు. అందులో 4 శాతం ఎస్సీ ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం ఆడవాళ్ల యూనిట్ల నుంచి కొనాలి. ప్రైవేటు కంపెనీలకి ఇది వర్తించదు. వాళ్లూ సొంతంగా ఇలాంటి వాటా పెట్టుకోవాలని నా వాదన. మీరేమంటారు?

పర్చేజ్_డెస్క్
అక్కా, మీ కష్టం అర్థమైంది, కానీ ఒప్పుకోలేను. మా సరుకు అమెరికా పోతుంది, యూరప్ పోతుంది. ఏప్రాన్ అంచు దారం ఊడి రొయ్యల బ్లాకులో గడ్డకట్టిందంటే జవాబు చెప్పాల్సింది నేనే. మైనస్ 18 డిగ్రీల స్టోరేజీలో కార్టన్ మెత్తబడినా నేనే. కొత్త సప్లయర్ వచ్చిన ప్రతిసారీ శాంపిల్ టెస్టింగ్, యూనిట్ తనిఖీ, కొత్త ఫైలు. ఒకరిద్దరితో అయ్యే పనికి పదిమందిని పెట్టుకోమంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

ఒంగోలు_షాపు
ఇంకో మాట. భార్య పేరు మీద రిజిస్ట్రేషన్, నడిపేది భర్త. ఇట్లాంటివి మన ఊళ్లలో కొత్తా? వాటా పెడితే నిజంగా కష్టపడే అక్కకి రాదు, కాగితాలు తెలిసినవాడికే పోతుంది. అయినా సరుకు కొనేటప్పుడు కులం అడగడం నాకు నచ్చదు.

మద్దిపాడు_గ్రానైట్
గుండ్లాపల్లిలో మాది చిన్న కటింగ్ యూనిట్. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబులు ఓడ ఎక్కాలంటే చెక్క క్రేట్లు కావాలి, ఆ చెక్కకి ఐఎస్‌పీఎం-15 (చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం హీట్ ట్రీట్‌మెంట్, ముద్ర ఉండాలి. ఇదంతా ఒక్కడి దగ్గరే పెట్టుకున్నాం. లాక్‌డౌన్‌లో అతని షెడ్డు మూతపడేసరికి మా స్లాబులు యార్డులోనే ఉండిపోయాయి. ఆ తర్వాత పనిని రెండు ముక్కలు చేశాం. క్రేట్లు కొట్టే పని ఊళ్లో వడ్రంగులకి ఇచ్చాం, ట్రీట్‌మెంటూ ముద్రా లైసెన్సున్న చోటే. పర్చేజ్ సార్, మీరు చెప్పిన భయం కార్టన్‌కి సరే. ఏప్రాన్‌కి, క్యాంటీన్‌కి, వర్కర్ల వ్యానుకి కూడా అదే కొలతా?

ఆడిట్_పని
కొన్ని సంగతులు సరిచేస్తాను. పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది అన్నది నిజమైన సమస్యే. ఆ ప్రభుత్వ ఆర్డర్ కింద వాటా రావాలంటే, సొంత యూనిట్ అయితే యజమాని ఎస్సీ ఎస్టీ గానీ మహిళ గానీ అయి ఉండాలి, భాగస్వామ్యమైనా ప్రైవేటు లిమిటెడ్ అయినా కనీసం 51 శాతం వాటా వాళ్లదై ఉండాలి. కాగితం ఇంతవరకే చూస్తుంది. రోజూ ఎవరు నడుపుతున్నారో యూనిట్‌కి వెళ్తేనే తెలుస్తుంది.

ధర గురించి కూడా చాలామందికి అపోహ ఉంది. చిన్న యూనిట్‌కి ఎక్కువ ధర ఇవ్వమని ఆ ప్రభుత్వ ఆర్డర్ ఎక్కడా చెప్పదు. ఎల్-1 (టెండర్లో అందరికంటే తక్కువ ధర) కంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసినవాళ్లు ఎల్-1 ధరకే దిగొస్తే కొంత భాగం వాళ్లకిస్తారు, అంతే. కొని అమ్మే ట్రేడర్లకి ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న యూనిట్ల కేంద్ర రిజిస్ట్రేషన్) ఉన్నా ఈ కొనుగోళ్ల వాటా రాదు. కోవూరు అక్క సొంతంగా కుట్టిస్తున్నారు కాబట్టి ఆమె తయారీదారు.

కోవూరు_కుట్టు
ఒంగోలు అన్నా, కులం అడగడం నచ్చదన్నారు. ఇప్పుడు ప్లాంట్ల వెండర్ లిస్టుల్లో ఉన్నవాళ్లంతా ఎలా చేరారు? ఒకరికి బావమరిది, ఇంకొకరికి పాత పరిచయం, మేనేజర్ ఊరివాళ్లు. ఆ దారి మొదట్నుంచీ ఉంది, దాన్ని ఎవరూ వాటా అనరు. మాలాంటివాళ్లకి ఆ పరిచయం లేదు కాబట్టి రాసిపెట్టిన వాటా అడుగుతున్నాను.

పర్చేజ్ సార్, దారం ఊడుతుందా లేదా అన్నది శాంపిల్ చూస్తే తేలిపోతుంది. మమ్మల్ని అక్కడిదాకా రానిస్తే కదా! ఓ ప్లాంటులో మూడేళ్ల టర్నోవర్ చూపించమన్నారు, ఇలాంటి ప్లాంటుకే ముందు సప్లయ్ చేసిన అనుభవం ఉండాలన్నారు. మొదటి ఆర్డర్ ఎవరూ ఇవ్వకుండా అనుభవం ఎక్కడ్నుంచి తేను? ప్రభుత్వ టెండర్లలో నాణ్యత సరిపోతే ఈ రెండు షరతులు సడలించే వీలుంది. ప్రైవేటులో ఆ మాటే లేదు.

ఆర్డర్ వచ్చినా డబ్బు చేతికి రావాలి. నేను వేరే చోట హౌస్‌కీపింగ్ యూనిఫాంలు ఇచ్చాను. బిల్లు వేసిన మరుసటి నెల 20కల్లా జీఎస్టీ నా జేబులోంచి కట్టాను. గుడ్డ షాపుకి, మిషన్ల మీద కూర్చునే ఆడవాళ్లకి వారంవారం ఇచ్చాను. నా బిల్లు మాత్రం నెలల తరబడి టేబుల్ మీదే ఉంది. వాటా ఇచ్చి డబ్బు ఇవ్వకపోతే మేం అప్పుల్లో దిగుతాం. అందుకే నాకు ఈ రెండూ విడివిడి కోరికలు కావు.

ఆడిట్_పని
అక్కా, డబ్బు విషయంలో చట్టం ప్రైవేటు కొనుగోలుదారుకీ వర్తిస్తుంది. చిన్న యూనిట్ల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం బిల్లు కట్టడానికి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన కూడా 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది, ఆలస్యంగా కడితే ఆ ఖర్చుని కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. బిల్లు ఆలస్యమైతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

కోవూరు_కుట్టు
ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డర్ ఇస్తారా సార్? అందుకే వాటాతోపాటు గడువు కూడా కంపెనీ తన పాలసీలో తనే రాసుకోవాలి అంటున్నా.

పర్చేజ్_డెస్క్
పేమెంట్ ఫైనాన్స్ వాళ్ల చేతిలో ఉంటుంది, ఆ మాట నేను ఇవ్వలేను. శాతం పెట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోను. ఏప్రాన్లకి మూడేళ్ల టర్నోవర్ అక్కర్లేదని మాత్రం పైకి రాస్తాను. శాంపిల్ తెస్తే రెండు కుట్లు వేసి, అంచు మడిచి తెండి. ఉతికాక కూడా చూస్తాం.

మద్దిపాడు_గ్రానైట్
ట్రయల్ ఆర్డర్ ఇస్తే పీఓ (పర్చేజ్ ఆర్డర్ కాగితం) మీద పేమెంట్ గడువు రాయించుకో అక్కా. అది లేకుండా గుడ్డ కొనొద్దు.