ఈ-రీడర్ కొనేటప్పుడు ఈపబ్ తెరుచుకోకపోతే అంత నష్టమా?

పాతకాగితం:
ఫోన్లో చదివి చదివి కళ్ళు లాగేస్తున్నాయి, కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర ఉన్న రీడర్ ఒకటి తీసుకుందామని ఫిక్సయ్యా. ఒక ఫ్రెండేమో కళ్ళు మూసుకుని అమెజాన్ వాళ్ళ కిండిల్ తీస్కో అంటాడు, ఇంకోడేమో దాంట్లో ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైల్ ఫార్మాట్ తెరుచుకోదు, కోబో రీడర్ తీస్కో అంటాడు. పదేళ్ళుగా పోగేసిన ఫైల్స్ ఓ నాలుగొందలు ఉంటాయి నా దగ్గర. నిజంగా అంత తేడానా?

బైట్లబాబు:
తేడానే. ఈపబ్ ఏ ఒక్క కంపెనీ సొంతం కాదు, 2007 నుంచి ఓపెన్ స్టాండర్డ్, ఇప్పుడు వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ చూసుకుంటోంది. తాళం (కాపీ చేయకుండా అమ్మేవాళ్ళు పెట్టే లాక్) లేని ఈపబ్ ఒకటి తీసుకుని చివర్న జిప్ అని పేరు మార్చి విప్పి చూడండి. లోపలుండేవి మామూలు వెబ్ పేజీలే, చాప్టర్‌కో ఫైలు, ఫాంట్ సైజులవీ రాసిన సీఎస్ఎస్ ఒకటి, బొమ్మల ఫోల్డరు, ఏ చాప్టర్ తర్వాత ఏదొస్తుందో చెప్పే జాబితా. రేప్పొద్దున రీడర్లన్నీ మూలపడినా బ్రౌజర్లో చదువుకోవచ్చు.

చలివెన్నెల:
బాబుగారూ మీరింకా పాత రోజుల్లోనే ఉన్నారు. మన ఫైల్స్‌ని కిండిల్‌కి పంపే అమెజాన్ సర్వీసు, సెండ్ టు కిండిల్, 2022 నుంచే ఈపబ్ తీసుకుంటోంది, నేను వారానికి రెండు పంపుతా, ఏ గొడవా లేదు.

బైట్లబాబు:
తీసుకోవడం వేరు, తెరవడం వేరండీ. వాళ్ళ సర్వర్లో వాళ్ళ ఫార్మాట్‌లోకి మార్చి మీకిస్తున్నారు. అదే ఫైల్ కేబుల్ పెట్టి కాపీ చేయండి, లైబ్రరీలో కనపడనే కనపడదు. పైగా కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే ఆప్షన్ 2025 ఫిబ్రవరి 26న తీసేశారు కూడా.

చలివెన్నెల:
క్యాలిబర్ ఎందుకుంది మరి? ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఈపబ్‌ని కిండిల్ ఫార్మాటైన ఏజెడ్‌డబ్ల్యూ3 చేసి కేబుల్‌తో ఎక్కిస్తే నెట్ కూడా అక్కర్లేదు. చదివేవాడికి ఫైల్ పేరు చివర ఏముందో ఎందుకండీ, అక్షరం బాగుందా లేదా అంతే కదా.

నడిరేయి:
మీరిద్దరూ పెట్టె గురించి, అంటే ఫార్మాట్ గురించి కొట్టుకుంటున్నారు, అసలు గొడవ తాళంతో. నా సంగతే చెప్తా, ఓ స్టోర్లో పన్నెండు పుస్తకాలు కొన్నా, అన్నీ ఈపబ్‌లే, ఈపబ్ కదా ఎక్కడైనా తెరుచుకుంటుందిలే అనుకున్నా, తర్వాత రీడర్ మార్చితే కవర్లు చక్కగా కనిపిస్తున్నాయి గానీ నొక్కితే ఒక్కటీ తెరుచుకోలా. డీఆర్ఎమ్ ఉంది మరి, ఆ తాళం పేరే అది. క్యాలిబర్లో వేస్తే అదీ ఇది లాక్డ్ అని చేతులెత్తేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ పుస్తకాల షాపు మూసేసినప్పుడు డబ్బులు తిరిగిచ్చింది గానీ కొన్నవాళ్ళ పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. నేనైతే ఇప్పుడు డీఆర్ఎమ్ ఫ్రీ అని రాసుంటేనే కొంటున్నా. కోబో స్టోర్లో కూడా కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు, పుస్తకం వివరాల్లో రాసుంటుంది చూస్కోండి.

చలివెన్నెల:
అది ఒప్పుకుంటా. కానీ తాళం రెండు వైపులా ఉన్నప్పుడు ఈపబ్ గొప్పేంటి ఇంక?

బైట్లబాబు:
తాళం లేని పుస్తకానికి ఉంది కదండీ గొప్ప!

నత్తనడక:
ఒక్క నిమిషం. పాతకాగితం గారూ, ఆ నాలుగొందల్లో పీడీఎఫ్‌లు ఎన్ని? ఈ ముక్క ఎవరూ అడగట్లేదు. ఏఫోర్ పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు, ఆరంగుళాల రీడర్ తెర వెడల్పు తొమ్మిది చిల్లర. అంటే 12 పాయింట్ల అక్షరం మీకు 5 పాయింట్లంత కనిపిస్తుంది, మందు సీసా మీద అక్షరాల్లాగా. 10.3 అంగుళాల దాంట్లో అయితే 9 పాయింట్లు వస్తుంది, పర్లేదు. ఈపబ్‌లోకి మార్చేద్దాం అనుకుంటారేమో, వాక్యం మధ్యలో పేజీ నంబర్ వచ్చి కూర్చుంటుంది, లైన్లు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో చేసినవైతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. స్కాన్ చేసినవి ఫొటోలే కాబట్టి అసలు మార్చడానికి అక్షరాలే ఉండవు.

పాతకాగితం:
ఇప్పుడే కూర్చుని లెక్కపెట్టా. మొత్తం 412. పీడీఎఫ్‌లు 297, సగం పైన స్కాన్లే 😭 ఈపబ్‌లు 71, అందులో తొమ్మిదింటికి తాళం. మిగతా 44 కిండిల్ పాత ఫార్మాట్ మోబీలు, అవి ఎప్పుడు దించానో కూడా గుర్తులేదు. రెండు వారాలు ఈపబ్ ఈపబ్ అని బుర్ర పాడుచేసుకున్నా. ఆరంగుళాలది కార్ట్‌లోంచి తీసేశా. పెద్దది పడుకుని చదివితే చెయ్యి లాగుతుందా?

నత్తనడక:
చెయ్యి సంగతి సరే, నిద్రొస్తే ముక్కు మీద పడుద్ది. కవర్ కూడా వేస్తే ఇంకా బరువు. స్టాండ్ ఒకటి తీస్కోండి.