అర్జెంట్ ప్యాకెట్ దూరిన స్లాట్లు మూడోసారి పంపినా డీకోడ్ కావట్లేదు

అనంత_కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, నేను అనంతపురంలో ఎంటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు 5జీ డౌన్‌లింక్ (బేస్ స్టేషన్ నుంచి ఫోన్‌కి వచ్చే దారి) మీద. పెద్ద ఫైలు దించుకుంటున్న ఫోన్ ఒకటి, అప్పుడప్పుడూ చిన్న ప్యాకెట్ తక్షణం కావాల్సిన మెషిన్ ఒకటి. ఇద్దరికీ ఒకే క్యారియర్. మెషిన్ ప్యాకెట్ రాగానే బేస్ స్టేషన్ ఫైలు డేటాలో రెండు సింబళ్లు (స్లాట్ అనే కాలపు ముక్కలోని చిన్న ముక్కలు) కొట్టేసి ఆ చోట దీన్ని పెట్టి పంపేస్తుంది. గుంతకల్లులో ప్యాసింజర్‌ను లూప్ లైన్‌లో నిలబెట్టి ఎక్స్‌ప్రెస్‌ను వదిలినట్టు అనుకున్నా.

మొదటిసారి ఫోన్‌లో డీకోడ్ ఫెయిల్ అయితే అర్థముంది. కానీ మళ్లీ పంపించి, పాతదీ కొత్తదీ కలిపినా ఫెయిలే. మూడోసారీ అంతే. విసుగొచ్చి పాతది పారేసి కొత్తదొక్కటే డీకోడ్ చేస్తే పాస్! కలిపితే బలం పెరగాలి కదా, తగ్గడమేంటి? సోమవారం రివ్యూ. ఈ ఎండకు ల్యాప్‌టాప్ కింద తడిగుడ్డ వేసి మరీ రన్ చేస్తున్నా.

కడప_మోడెమ్:
తమ్ముడూ, మాది కడప. బెంగళూరులో మోడెమ్ పని. నీ రైలు పోలిక దగ్గరే తప్పుంది. ప్యాసింజర్ ఆగలేదు. నడుస్తున్న బండిలో రెండు పెట్టెలు విప్పేసి వేరే బండివి తగిలించారు. నీ టీసీ ఆ పెట్టెల్లో జనాన్ని కూడా మనవాళ్లే అని లెక్క రాసుకున్నాడు.

ఆ రెండు సింబళ్లలో సిగ్నల్ బలంగానే ఉంటుంది, కాకపోతే అది మెషిన్‌ది. ఫోన్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి ప్రతి బిట్‌కీ "ఇది ఖాయంగా 0", "ఇది ఖాయంగా 1" అని పెద్ద పెద్ద ఎల్‌ఎల్‌ఆర్‌లు (ఆ బిట్ 0నా 1నా అన్నదానిపై నమ్మకం ఎంతో చెప్పే అంకెలు) రాసుకుంటుంది. తెలియదు అనేవాడితో నష్టం తక్కువ, తెలియకుండా గట్టిగా చెప్పేవాడే ముంచుతాడు. ఆ చెత్త సాఫ్ట్ బఫర్‌లో (ఈ అంకెలు దాచుకునే చోట) ఉండిపోయి, తర్వాత వచ్చిన మంచి డేటాను కూడా లాగేస్తుంది.

దీనికోసమే 5జీ ప్రమాణాల రిలీజ్ 15లో డీసీఐ 2_1 అనే కంట్రోల్ సందేశం పెట్టారు. "ఇందాక ఫలానా చోట నీ డేటా లేదు" అని బేస్ స్టేషన్ తర్వాత చెబుతుంది. ఒక్క ఫోన్‌కి కాదు, గుంపుకంతా. బస్టాండ్ మైకులో అనౌన్స్‌మెంట్ లాంటిది, ఆ చోట డేటా లేనివాళ్లు పట్టించుకోరు. అక్కడి ఎల్‌ఎల్‌ఆర్‌లను సున్నా చెయ్, అంటే "తెలియదు" అని రాసుకో. అది పెట్టావా?

అనంత_కుర్రోడు:
పెట్టానన్నా. 14 బిట్లు వస్తున్నాయి, 1 ఉన్న చోట సున్నా చేస్తున్నా. పెద్దగా తేడా లేదు. పైగా కొన్ని మంచి స్లాట్లు కూడా చెడిపోతున్నాయి. సబ్‌క్యారియర్ల మధ్య దూరం 30 కిలోహెర్ట్జ్, ఎఫ్‌డీడీ (రానూ పోనూ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు), సూచన 2 స్లాట్లకోసారి, కంట్రోల్ ప్రాంతం (సూచనలు వచ్చే చోటు) సింబల్ 0 నుంచి. ఫ్రీక్వెన్సీని రెండు ముక్కలు చేయలేదు. స్లాట్‌లో 14 సింబళ్లు, బిట్లూ 14. ఐదో బిట్ 1 అయితే, ఆ సూచన వచ్చిన స్లాట్‌లో ఐదో సింబల్‌ని తుడుస్తున్నా.

కడప_మోడెమ్:
ఆ చివరి వాక్యంలోనే రెండు తప్పులున్నాయి.

ఒకటి, సూచన వచ్చిన స్లాట్ గురించి కాదు అది చెప్పేది, వెనకటి కాలం గురించి. కంట్రోల్ ప్రాంతం మొదటి సింబల్ నుంచి వెనక్కి లెక్క. నువ్వు ఈ స్లాట్‌లోని మంచి సింబళ్లు తుడిచేసి, చెడ్డవాటిని బఫర్‌లోనే ఉంచావు.

రెండోది, 2 స్లాట్లంటే 28 సింబళ్లు. 14 బిట్లు వాటిని పంచుకోవాలి, అంటే బిట్‌కి రెండు సింబళ్లు. రేపు టీడీడీకి (రానూ పోనూ ఒకే ఫ్రీక్వెన్సీ, వంతులవారీగా) మారితే అప్‌లింక్ సింబళ్లు, అంటే ఫోన్ పంపేవి, ఈ లెక్కలోకి రావు, అక్కడ మళ్లీ తప్పు చేయకు.

ఇంకోటి. సూచన వచ్చేసరికి ఫోన్ మొదటి డీకోడ్ చేసి నాక్ (సరిగా అందలేదన్న కబురు) పంపేసి ఉండొచ్చు. అందుకని ఏ ఎల్‌ఎల్‌ఆర్ ఏ సింబల్‌ది అన్నది కలిపేముందు దాకా గుర్తుంచుకో. కలిపేశాక విడదీయాలంటే సాంబార్లో ఉప్పు తీసినట్టే.

కర్నూలు_మేష్టారు:
నాయనా, రివ్యూలో అడగబోయే ప్రశ్న చెబుతా. రెండు సింబళ్లు పోతే బ్లాక్ మొత్తం మళ్లీ పంపడం దేనికి? 5జీలో డేటాను ముందు ఫ్రీక్వెన్సీ వెంట నింపి, తర్వాత కాలంలో ముందుకు జరుపుతారు. బ్లాక్ పెద్దదైతే దాన్ని కోడ్ బ్లాక్‌లుగా (విడివిడిగా డీకోడ్ అయ్యే ముక్కలుగా) విడగొడతారు, ఒక్కోటీ కొద్ది సింబళ్లలోనే ఉంటుంది. దెబ్బ తగిలినవి తగులుతాయి, మిగతావి క్షేమం. కోడ్ బ్లాక్‌లను గుంపులుగా కట్టి, పోయిన గుంపునే పంపే పద్ధతి ఉంది. అలా పంపేటప్పుడు డీసీఐలో ఒక బిట్ పెట్టొచ్చు. 0 అయితే పాత కాపీ చెడి ఉండొచ్చు, పారెయ్. 1 అయితే కలుపుకో. అది పెడితే 2_1 లేకుండానే పని అయిపోతుంది. పైగా 2_1 వినడం ఫోన్లకు తప్పనిసరి కూడా కాదు.

కడప_మోడెమ్:
నిజమే సార్. కానీ పారెయ్ అంటే ఆ గుంపులో బాగున్న ఎల్‌ఎల్‌ఆర్‌లు కూడా పోతాయి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌కి ఆ మంచివే ఆధారం. నేనైతే రెండూ పెట్టి పోల్చి చూపిస్తా.

అనంత_కుర్రోడు:
ఉగ్గాని తినేసి వచ్చి రన్ చేశా. రెండోసారికే పాస్! మంచి స్లాట్లు కూడా చెడటం ఆగింది. మేష్టారూ, మీ బిట్ రేపు పెడతాను.

ఒక్క అనుమానం. అర్జెంట్ ప్యాకెట్ 5, 6 సింబళ్లలో పడ్డప్పుడు రెండు బిట్లు 1 అవుతున్నాయి, నాలుగు సింబళ్లు తుడుచుకుపోతున్నాయి. ఇదీ నా తప్పేనా?

కడప_మోడెమ్:
నీ తప్పు కాదు. జతలు సున్నా నుంచి మొదలు కదా, 4-5 ఒకటి, 6-7 ఒకటి. నీ ప్యాకెట్ రెండిట్లోనూ కాలు పెట్టింది, పాపం 4, 7 ఊరికే పోయాయి. షెడ్యూలర్‌లో సరిసంఖ్య సింబల్ నుంచే మొదలయ్యేలా పెట్టు. ఒక సింబల్ ఆగాల్సి రావచ్చు, 30 కిలోహెర్ట్జ్‌లో అది 36 మైక్రోసెకన్లు కూడా ఉండదు. లేదా సూచన ప్రతి స్లాట్‌కీ పంపు, అప్పుడు బిట్‌కి ఒకే సింబల్.