ఇండోర్ హాకీ: ఒక గోల్ వెనకబడినప్పుడు చివరి 4 నిమిషాల్లో కీపర్‌ని తీసేయాలా, వద్దా?

ఎడమబోర్డు:
ఇండోర్ వరల్డ్ కప్ స్థాయి పురుషుల మ్యాచ్ అనుకోండి. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు. చివరిదాంట్లో 4 నిమిషాలే ఉన్నాయి, మన జట్టు ఒక గోల్ వెనక. కీపర్‌ని బెంచీకి పిలిచి ఆరో ఫీల్డ్ ఆటగాణ్ణి దించాలా?

దించాల్సిందే అంటాను. అవుట్‌డోర్‌లో 10 మంది 11 అయితే 91 మీటర్ల మైదానంలో ఆ ఒక్కడు ఎక్కడో కలిసిపోతాడు. ఇక్కడ 5 మంది 6 అవుతారు, అదీ 40కి 20 మీటర్ల నేల మీద. అవతలివాళ్లు తమ సగంలో ఐదుగురితో అడ్డుకట్ట వేసినా, మనవాడు ఒకడు ఖాళీగానే ఉంటాడు. పైగా ఇది హ్యాండ్‌బాల్ కాదు, సగం కోర్టు నుంచి ఖాళీ గోల్లోకి బంతి విసిరేస్తే లెక్కలోకి రాదు. గోల్ ముందు గీసిన అర్ధవృత్తం, అంటే డీ లోపల అటాకర్ స్టిక్కు బంతికి తగలాలి. డీ బయట బంతిని లేపడానికీ వీల్లేదు. కీపర్ లేని గోల్ చూడ్డానికి భయపెట్టినంత ప్రమాదం కాదు.

కీపర్‌ప్యాడ్లు:
ఎడమబోర్డు గారూ, లెక్క సగమే వేశారు. 40 మీటర్ల పిచ్‌లో సెంటర్ లైన్ నుంచి గోల్‌కి 20 మీటర్లు. డీ వ్యాసార్థం 9. అంటే సెంటర్ దగ్గర బంతి దొరికినవాడు 11 మీటర్లు పరిగెత్తితే డీలో ఉంటాడు. చెక్క నేల మీద అదెంతసేపు? మీ వెనక మనిషి తిరిగేలోపే పని అయిపోతుంది.

అసలు ముప్పు అది కూడా కాదు, పెనాల్టీ కార్నర్, అంటే డీలో మనం ఫౌల్ చేస్తే అవతలివాళ్లకి గోల్ మీదకి దొరికే ప్రత్యేక అవకాశం. కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకా సబ్‌స్టిట్యూషన్ ఉండదు. మైదానంలో ఉన్న కీపర్‌కి గాయమైతేనో, అతను సస్పెండ్ అయితేనో మినహాయింపు. కావాలని బెంచీ మీద కూర్చోబెట్టిన కీపర్‌కి ఆ దారి లేదు. కనక 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న గోల్ ముందు మాస్కులు తగిలించుకున్న ఫీల్డ్ ఆటగాళ్లు నిలబడాలి. బంతిని స్టిక్‌తో లేపి విసిరే మంచి ఫ్లిక్కర్ భుజం ఎత్తులో మూలకి వేస్తే స్టిక్‌తో ఏం ఆపుతారు?

డీ_అంచు:
ఇద్దరి మాటా నిజమే గానీ, తీసేయడం ఎలా అన్నది ఎవరూ చెప్పలేదు. చాలా జట్లు ఓడేది అక్కడే.

బంతి అవతలివాళ్ల దగ్గర ఉండగా కీపర్‌ని పిలవకూడదు. అతను పూర్తిగా బయటికి వచ్చాకే కొత్తవాడు అడుగుపెట్టాలి. లెగ్‌గార్డులు, కిక్కర్లు (పాదాల ప్యాడ్లు) వేసుకుని ఆ దూరం రావడానికి పట్టే సమయమంతా మనం 5 మందిమే, గోల్ ఖాళీ. బంతిని మన ఇద్దరు వెనకవాళ్ల మధ్య తిప్పుతూ ఉన్నప్పుడే పిలవాలి. మరీ వెనకబడి ఉంటే మూడో క్వార్టర్ తర్వాతి విరామంలోనే మార్చుకోవడం మేలు.

తర్వాత నిలబడే తీరు. సెంటర్ లైన్ దగ్గర ఇద్దరు, రెండు సైడ్‌బోర్డుల (పక్క గీతల వెంట ఉండే అడ్డుపట్టీల) పక్కన చెరొకరు, డీలో ఇద్దరు. ఆ డీలోని ఇద్దరిలో ఒకడు దూరపు పోస్టు వదలకూడదు. బంతి బోర్డు నుంచి బోర్డుకి వెనకవాళ్ల మీదుగానే తిరగాలి. మధ్యలోంచి అడ్డంగా పాస్ వేశారా, అవతలివాడు స్టిక్‌ని నేలకి పడుకోబెట్టి ఉంచుతాడు, బంతి నేరుగా వెళ్లి దానికి తగులుతుంది. కీపర్‌ప్యాడ్లు గారు చెప్పిన 11 మీటర్ల పరుగు మొదలయ్యేది అక్కడే. సెంటర్ దగ్గరి ఇద్దరిలో ఒకడు ఎంత ఆశ పుట్టినా డీలోకి పోకూడదు.

ఇంకొకటి బాగా సాధన చేయించాలి. అవతలివాడు డీ బయటి నుంచి ఖాళీ గోల్లోకి పుష్ చేస్తే, చుట్టుపక్కల వాళ్ల అటాకర్ లేనప్పుడు మనవాడు దాన్ని వదిలేయాలి. గోల్లోకి దొర్లినా అది గోల్ కాదు, బంతి మనదే. కానీ కంగారులో కాలు అడ్డం పెడతారు. డీలో కాలికి తగిలితే కార్నర్! చేతిలో ఉన్న బంతిని మనమే వాళ్లకిచ్చినట్టు. వెనకనుంచి ఒకడు గట్టిగా ‘వదిలేయ్’ అని అరవాలి.

కొత్తస్టిక్:
అన్నా, ఆ వెనకవాడికి వేరే రంగు జెర్సీ వేసి, కీపర్‌లా కాలితో ఆపే హక్కు ఇవ్వచ్చు కదా? పాత వీడియోల్లో చూశాను.

డీ_అంచు:
ఆ పద్ధతి తీసేశారు తమ్ముడూ. ఇప్పుడు ఉంటే పూర్తి కిట్‌తో కీపర్ ఉండాలి, లేదంటే అందరూ ఫీల్డ్ ఆటగాళ్లే. ఎవరి కాలికి తగిలినా ఫౌలే.

కీపర్‌ప్యాడ్లు:
సరే, నాకౌట్‌లో అయితే ఒప్పుకుంటాను. ఒక గోల్ తేడాతో ఓడినా నాలుగుతో ఓడినా ఇంటికే. కానీ పూల్ మ్యాచ్‌లో ససేమిరా. 2018 బెర్లిన్ ఇండోర్ వరల్డ్ కప్‌లో 12 జట్లు, రెండు పూల్స్, ఒక్కోదాంట్లో ఆరు. ఇలాంటి టోర్నీలో పాయింట్లు, గెలుపులు సమానమైతే గోల్ తేడా చూస్తారు. 3–4తో పోయే మ్యాచ్‌ని 3–7 చేసుకుంటే చివరి రోజు ఆ మూడు గోల్స్ కోసం ఏడవాలి.

నాకౌట్‌లోనూ ఒక షరతు ఉంది. ఆ బెర్లిన్ ఫైనల్ 3–3తో ముగిసి, షూటౌట్‌లోనే ఆస్ట్రియా జర్మనీ మీద గెలిచింది. సమం చేశాక గెలిపించాల్సింది ఆ బెంచీ మీది కీపరే. నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు బిగుసుకుంటాయి. కిట్ విప్పకూడదు, బెంచీ వెనక అటూ ఇటూ కదులుతూనే ఉండాలి. సమం చేసిన వెంటనే మళ్లీ లోపలికి పంపడం కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి.

ఎడమబోర్డు:
పూల్ మ్యాచ్ సంగతి ఒప్పుకుంటున్నాను. నా మాట నాకౌట్‌కే అని మార్చుకుంటాను. కానీ మీరు చెప్పిన కార్నర్ నియమమే నా వైపుకీ పనికొస్తుంది. చివరి సెకన్లలో మనకే కార్నర్ వస్తే, హూటర్ మోగినా అది పూర్తయ్యేదాకా ఆట సాగుతుంది. ఆ సమయంలో వెనక కీపర్‌తో పనేమీ లేదు, డీ చుట్టూ ఆరో స్టిక్ కావాలి. కార్నర్ ఇచ్చాక అతన్ని మార్చలేం కదా. కాబట్టి చివరి నిమిషం దాకా ఆగి, అప్పుడు తీద్దాం అనుకునే కోచ్‌కి ఆ ఆరోవాడు ఎప్పటికీ దొరకడు. 4 నిమిషాలు అన్నది అందుకే.

కీపర్‌ప్యాడ్లు:
4 ఎక్కువే. నేనైతే 2 దగ్గర తీస్తాను, అదీ వెనకవాళ్లిద్దరూ బోర్డు మీద బంతి నిలపగలిగినవాళ్లైతేనే.