జీన్ పాడై క్యాన్సర్ వచ్చింది, మరి అదే జీన్ వల్ల కీమో బాగా పనిచేస్తుందంటారేంటి?

అమలాపురం నుంచి ప్రశ్న:
అండాశయ క్యాన్సర్, మూడో స్టేజి. రక్తపరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో ప్యాథోజెనిక్ (జబ్బు తెచ్చే) మార్పు ఉందని వచ్చింది. డీఎన్‌ఏని బాగుచేసే జీన్ చెడి గడ్డ పుట్టిందంటున్నారు. ఆ జీన్ చెడింది కాబట్టే కార్బోప్లాటిన్ అనే ప్లాటినం రకం కీమో మందు గట్టిగా పనిచేస్తుందనీ అంటున్నారు. రెండూ ఎలా నిజం? ఇంట్లో ఎవరికి పరీక్ష చేయించాలి? పేషెంటుది మేనరికం.

కాకినాడ, ఆంకాలజీ:
రెండూ నిజమేనండి. కాలవగట్టు సంగతి మీకు తెలిసిందే. ఎండ్రకాయ బొరియ వేరు, గండి వేరు. డీఎన్‌ఏలో ఒక పేట తెగితే బొరియ, రెండు పేటలూ తెగితే గండి. బీఆర్‌సీఏ1 ఉంటే పక్కనున్న నకలు చూసి గండిని ఉన్నదున్నట్టు పూడుస్తుంది. లేకపోతే కణం తెగిన కొసల్ని ఎలాగోలా అతికేస్తుంది. అక్షరాలు పోతాయి, కాపలా జీన్లు దెబ్బతింటాయి, గడ్డ పెరుగుతుంది.

కార్బోప్లాటిన్ రెండు పేటల్నీ కలిపి ముడేస్తుంది. కణం విడిపోయే ముందు డీఎన్‌ఏకి నకలు తీసుకునేటప్పుడు అక్కడ గండి పడుతుంది. ప్రతి జీన్‌కీ రెండు కాపీలుంటాయి; ఒంట్లో మామూలు కణాలకి బీఆర్‌సీఏ1 రెండో కాపీ బాగానే ఉంటుంది కాబట్టి పూడ్చుకుంటాయి. గడ్డ కణాల్లో సాధారణంగా అదీ పోయి ఉంటుంది. తేడా అంతా అక్కడే.

కీమోకి గడ్డ లొంగితే తర్వాత ఓలాపరిబ్ అనే మాత్ర ఇస్తారు. బొరియలు పూడ్చే పార్ప్ అనే ప్రోటీన్‌ని అది డీఎన్‌ఏ మీదే ఇరికించేస్తుంది, బొరియ గండవుతుంది. మామూలు మోతాదు 300 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. రక్తం పడిపోతుంది, అందుకే మొదటి ఏడాది నెలనెలా సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) తప్పదు. తామరకి ఇట్రాకొనజోల్ ఎవరైనా రాస్తే ముందు ఆంకాలజిస్టుకి చెప్పండి, ఓలాపరిబ్ ఒంట్లో పేరుకుపోతుంది.

కొన్నిసార్లు గడ్డలో పాత తప్పు పక్కనే ఇంకో మార్పు జరిగి జీన్ మళ్లీ పనిచేస్తుంది. అప్పుడు ప్లాటినమూ, ఓలాపరిబూ రెండూ పట్టు కోల్పోతాయి.

భీమవరం, ల్యాబ్:
ఇంట్లోవాళ్ల రక్తం ఊదామూత ఈడీటీఏ ట్యూబులోనే తీయించండి. ఆకుపచ్చమూత హెపారిన్ ట్యూబు పీసీఆర్‌ని, అంటే డీఎన్‌ఏకి నకళ్లు తీసే పరీక్షని చెడగొడుతుంది. గడ్డకి కూడా పరీక్ష అడిగితే కీమోకి ముందు తీసిన బ్లాక్ (మైనంలో దాచిన గడ్డ ముక్క) పంపండి, తర్వాతదాంట్లో బతికున్న గడ్డ కణాలు చాలకపోవచ్చు. ముక్క ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలే ఉండాలి. రోజుల తరబడి వదిలేస్తే డీఎన్‌ఏ తునకలైపోతుంది.

రాజమండ్రి, జెనెటిక్ కౌన్సెలింగ్:
తోబుట్టువులకి, పిల్లలకి ఒక్కొక్కరికి 50 శాతం అవకాశం. మగవాళ్లనీ వదలొద్దు, వాళ్లనుంచి కూతుళ్లకి వస్తుంది. పిల్లలకి 18 దాటాకే చేయించండి. పేషెంటు రిపోర్టు కాపీ ఇస్తే ఆ ఒక్క మార్పే చూస్తారు, ఖర్చు తగ్గుతుంది.

మేనరికం అన్నారు కాబట్టి భర్తకీ చేయించండి. ఉమ్మడి తాత, అమ్మమ్మల నుంచి అదే మార్పు ఆయనకీ వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే బిడ్డలో రెండు కాపీలూ పోయే అవకాశం ప్రతి కాన్పుకీ 25 శాతం. బీఆర్‌సీఏ1లో అలాంటి పిండాలు చాలావరకు నిలవవు. అలాంటి పనే చేసే ఇంకో జీన్ బీఆర్‌సీఏ2లో అయితే బిడ్డకి ఫాంకోని ఎనీమియా అనే అరుదైన రక్తజబ్బు వస్తుంది. ఆ బిడ్డ ఒంట్లో ఏ కణమూ గండి సరిగ్గా పూడ్చుకోలేదు, మామూలు మోతాదు ప్లాటినం ప్రాణం మీదికే తెస్తుంది. ఇంట్లో గర్భస్రావాలుగానీ, చిన్నప్పుడే రక్తం పడిపోయిన పిల్లలుగానీ ఉంటే కౌన్సెలింగ్‌లో తప్పకుండా చెప్పండి.